క్రూజ్ ఓడ కోజుమెల్‌లో ఆగిన రోజు సొంతంగా స్కూబా డైవింగ్ చేయాలంటే

టెక్సాస్‌లో ఉండే తెలుగువాళ్ళలో థాంక్స్‌గివింగ్ సెలవులకో, స్ప్రింగ్ బ్రేక్‌కో గాల్వెస్టన్ వెళ్ళి క్రూజ్ ఎక్కేవాళ్ళు చాలామంది. ఆ ఓడల్లో ఎక్కువ భాగం ఆగే రేవు మెక్సికోలోని కోజుమెల్. యుకటాన్ ద్వీపకల్పానికి తూర్పున, ప్లాయా డెల్ కార్మెన్‌కు ఎదురుగా ఉన్న దీవి ఇది. ఓడ దిగిన జనంలో చాలామంది బీచ్‌కో, షాపింగ్‌కో వెళ్ళి వచ్చేస్తారు. డైవింగ్ నేర్చుకుని దానికి కార్డు తెచ్చుకున్నవాళ్ళకు మాత్రం ఇది వదులుకోకూడని చోటు. 1996లో జాతీయ పార్కుగా ప్రకటించిన పగడపు దిబ్బలు దీవి నైరుతి తీరం పొడవునా ఉన్నాయి, నీళ్ళలో ముప్పై మీటర్ల దూరం దాకా కనిపించే రోజులు మామూలే.

ఓడ వాళ్ళ టూర్ కాకుండా మీరే ఒక డైవ్ షాపును మాట్లాడుకుని వెళ్ళిరావడం ఎలాగో ఇక్కడ చెబుతున్నాను. డైవింగ్ ఎలా చేయాలో మీకు ముందే తెలుసని అనుకుంటున్నాను. ఇక్కడ కష్టమైన సంగతి గడియారం.

1. సొంతంగా వెళ్ళాలా వద్దా, ముందు తేల్చుకోండి

ఓడ వాళ్ళు అమ్మే టూర్‌కు ఒక పెద్ద లాభం ఉంది. ఆ బోటు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, ఆగకపోతే మిమ్మల్ని తరువాతి రేవుకు చేర్చే బాధ్యత వాళ్ళు తీసుకుంటారు. సొంతంగా వెళితే ఆ పూచీ ఎవరికీ ఉండదు. చెప్పిన టైముకు మీరు రాకపోతే ఓడ వెళ్ళిపోతుంది. బాల్కనీల్లోంచి జనం వీడియోలు తీస్తుండగా రేవు మీద పరిగెత్తేవాళ్ళను మీరూ చూసే ఉంటారు.

సొంతంగా వెళితే వచ్చే లాభాలూ చిన్నవేం కావు. ఆరుగురో ఎనిమిదిమందో ఉండే చిన్న బోటు, మీ అనుభవానికి సరిపోయే గైడ్, పలంకార్ దిబ్బ లాంటి మంచి డైవ్ సైట్లకు వెళ్ళే అవకాశం దొరుకుతాయి. ఓడ టూర్లలో నిన్న కార్డు తెచ్చుకున్నవాళ్ళనూ, వందల డైవ్‌లు చేసినవాళ్ళనూ ఒకే బోటులో ఎక్కించి, రేవుకు దగ్గర్లోని తక్కువ లోతు సైట్లకు తీసుకెళ్ళడం తరచూ జరుగుతుంది.

నా లెక్క ఇది. ఓడ రేవులో ఎనిమిది గంటలు, అంతకు మించి ఆగుతుంటే సొంతంగా వెళ్ళవచ్చు. ఏడు గంటలైతే ఒక్క ట్యాంకుతో, అంటే ఒక్క డైవ్‌తో సరిపెట్టుకోవడమో, ఓడ టూర్ తీసుకోవడమో మంచిది. అంతకన్నా తక్కువైతే టెన్షన్ పడుతూ నీళ్ళలో దిగడంలో సరదా ఏముంటుంది? ఇంతవరకు స్కూబా ముఖమే చూడనివాళ్ళు మాత్రం ఈ పద్ధతి జోలికి వెళ్ళవద్దు. నీళ్ళ కింద మొట్టమొదటి శ్వాస తీసుకునే రోజున మనసు గడియారం మీద ఉండకూడదు.

రేవును బట్టి కూడా నిర్ణయం మారుతుంది. కోజుమెల్‌లో ఓడ నేరుగా రేవు గట్టుకు చేరుతుంది, మెట్లు దిగితే నేల మీద ఉంటారు. గ్రాండ్ కేమన్, బెలీజ్ సిటీ లాంటి చోట్ల ఓడ దూరాన లంగరు వేస్తుంది. చిన్న పడవల్లో ఒడ్డుకు చేరాలి, మళ్ళీ వాటిలోనే తిరిగి రావాలి. ఆ క్యూలలో పోయే సమయం మీ చేతిలో ఉండదు. మొదటిసారి సొంతంగా చేసేవాళ్ళకు కోజుమెల్ తేలిక అనడానికి అసలు కారణం ఇదే.

2. కార్డు, ఆరోగ్యం, కాగితాలు

ఓపెన్ వాటర్ కార్డు, అంటే డైవింగ్‌లో మొదటి స్థాయి కార్డు, ఏ సంస్థ ఇచ్చినా, ఏ దేశంలో తీసుకున్నా చెల్లుతుంది. అండమాన్‌లో తీసుకున్న పాడీ కార్డుకూ, డాలస్‌లో తీసుకున్న ఎస్ఎస్ఐ కార్డుకూ ఇక్కడ తేడా లేదు. కార్డు ఫోన్ యాప్‌లో ఉంటే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. రేవులో నెట్ రాక యాప్ తెరుచుకోకపోతే అక్కడ మీతో వాదించే ఓపిక ఎవరికీ ఉండదు.

ఏడాదికి పైగా నీళ్ళలో దిగలేదా? బయలుదేరే ముందు మీ ఊళ్ళోని డైవ్ షాపులో, స్విమ్మింగ్ పూల్‌లో ఒక రిఫ్రెషర్ చేయండి. మాస్కులోకి వచ్చిన నీళ్ళు తీసేయడం, తేలికగా ఒకే లోతులో నిలబడటం అలవాటు తప్పితే కోజుమెల్ కరెంటులో, అంటే సముద్రపు ప్రవాహంలో, ఆ లోటు వెంటనే తెలుస్తుంది.

బోటు ఎక్కేముందు ఆరోగ్య ప్రశ్నాపత్రం నింపమంటారు. ఆస్తమా, గుండె జబ్బు, ఇటీవలి ఆపరేషన్ లాంటి వాటికి "అవును" అని రాస్తే డాక్టరు సంతకం కావాలి. అది లేకపోతే షాపువాడు డైవ్ చేయనివ్వడు, ఆ రోజు రేవులో డాక్టరును వెతికే టైమూ ఉండదు. అందుకే ఆ ఫారం ముందుగానే డౌన్‌లోడ్ చేసుకుని, అవసరమైతే మీ డాక్టరుతో సంతకం చేయించి తీసుకెళ్ళండి. అబద్ధం రాసి దిగడం మాత్రం వద్దు.

మామూలు ట్రావెల్ ఇన్సూరెన్సులు చాలావాటిలో స్కూబాకు కవరేజీ ఉండదు, ఉన్నా లోతు పరిమితి పెడతారు. పాలసీ చదవండి. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్, అంటే డాన్, డైవింగ్ ప్రమాదాలకు విడిగా ఇన్సూరెన్స్ అందిస్తుంది. డైవింగ్ వల్ల వచ్చే జబ్బుకు గాలి ఒత్తిడితో చికిత్స చేసే రీకంప్రెషన్ ఛాంబర్ ఖర్చు తలచుకుంటే ఆ ప్రీమియం లెక్కలోకి రాదు.

ఇమిగ్రేషన్ సంగతి. అమెరికాలో బయలుదేరి అమెరికాకే తిరిగి వచ్చే క్రూజ్‌లో అమెరికా పౌరులు పాస్‌పోర్టు లేకుండా జనన ధ్రువపత్రం, ఫోటో ఐడీతో కూడా వెళ్ళవచ్చు. కానీ సొంతంగా డైవింగ్‌కు వెళ్ళేవాళ్ళు అలా వెళ్ళకూడదు. ఓడ తప్పితే విమానంలో వెనక్కి రావాలి, దానికి పాస్‌పోర్టు తప్పనిసరి. భారత పాస్‌పోర్టు మీద ఉన్నవాళ్ళకు చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే మెక్సికో వీసా విడిగా అక్కర్లేదు. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు దాటినవాళ్ళు మాత్రం క్రూజ్ బుక్ చేయడానికి ముందే మీ లాయరునూ, క్రూజ్ కంపెనీనీ అడిగి తేల్చుకోండి.

3. షాపును ఎంచుకోవడం, అడగాల్సిన ప్రశ్నలు

కోజుమెల్‌లో డైవ్ షాపులకు కొదవ లేదు. క్రూజ్‌లో వచ్చేవాళ్ళను తీసుకెళ్ళడం అలవాటున్న షాపు కావాలి మనకు. కొన్ని షాపుల బోట్లు పొద్దున్నే హోటళ్ళలో ఉన్నవాళ్ళను ఎక్కించుకుని వెళ్ళిపోతాయి, మీ ఓడ వచ్చేసరికి ఆ బోటు సముద్రంలో ఉంటుంది.

మెయిల్ రాసేటప్పుడు ఓడ పేరు, తేదీ, రేవుకు చేరే టైము, తిరిగి ఎక్కాల్సిన చివరి టైము రాయండి. మీ దగ్గరున్న కార్డు, చేసిన డైవ్‌ల సంఖ్య, చివరిసారి ఎప్పుడు దిగారో దాచకుండా చెప్పండి. ఆ తరువాత అడగండి:

- మా ఓడ ఏ గట్టుకు చేరుతుంది, మమ్మల్ని ఎక్కడ ఎక్కించుకుంటారు? ఇక్కడ క్రూజ్ గట్లు మూడు. పుంటా లాంగోస్తా సాన్ మిగెల్ ఊరి మధ్యలో ఉంది. ఇంటర్నేషనల్, పుయెర్తా మాయా గట్లు ఊరికి దక్షిణంగా కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి.
- బోటు తిరిగి వచ్చే టైము ఎంత, అది ఏ గడియారం ప్రకారం?
- ఒక్కో గైడ్ వెంట ఎంతమంది?
- ఓడ కోజుమెల్‌లో ఆగకపోయినా, గాలి వల్ల రేవు మూసేసినా డబ్బు తిరిగి ఇస్తారా?

చివరి ప్రశ్న ఊరికే అడిగేది కాదు. చలికాలంలో ఉత్తరం నుంచి గట్టి గాలులు వస్తాయి, అక్కడివాళ్ళు వాటిని నోర్తే అంటారు. అప్పుడు రేవు అధికారులు చిన్న బోట్లను సముద్రంలోకి వెళ్ళనివ్వరు. ఓడ వచ్చి ఆగినా డైవింగ్ ఉండదు. సమాధానం మెయిల్‌లోనే తీసుకోండి, అదే మీకు రసీదు.

రెండు ట్యాంకుల ట్రిప్‌కు మామూలుగా వంద డాలర్ల పైన అవుతుంది. అద్దె సామాను, పార్కు ఫీజు అందులో ఉన్నాయో లేదో అడగండి. గైడ్‌కూ బోటు సిబ్బందికీ టిప్పు ఇవ్వడం అక్కడ ఆనవాయితీ, చిన్న డాలరు నోట్లు దగ్గర పెట్టుకోండి.

4. గడియారం లెక్క

ఈ భాగం మాత్రం రెండుసార్లు చదవండి. సొంతంగా వెళ్ళి ఓడ అందుకోలేకపోయేవాళ్ళలో సముద్రం వల్ల అలా అయ్యేవాళ్ళు తక్కువ, టైము తికమకపడి అయ్యేవాళ్ళు ఎక్కువ.

కోజుమెల్ ఉన్న క్వింతానా రో రాష్ట్రం 2015 నుంచి ఏడాది పొడవునా ఒకే టైము పాటిస్తుంది. అమెరికా తూర్పు తీరంలో చలికాలంలో ఉండే టైము అది. అక్కడ వేసవిలో గడియారం ముందుకు జరపరు. అమెరికాలో జరుపుతారు. దాంతో మీరు ఎక్కడి నుంచి, ఏ నెలలో బయలుదేరారన్నదాన్ని బట్టి తేడా మారిపోతుంది.

గాల్వెస్టన్ నుంచి వేసవిలో వెళితే ఇబ్బంది లేదు, టెక్సాస్ టైమూ కోజుమెల్ టైమూ ఒకటే. నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా కోజుమెల్ ఒక గంట ముందుంటుంది. ఓడ టెక్సాస్ టైమునే పాటిస్తుంటే, ఎనిమిదికి ఓడ రేవు చేరేసరికి ఊళ్ళో తొమ్మిది. "తొమ్మిదికి బోటు" అని షాపువాడు రాస్తే మీరు దిగకముందే అది వెళ్ళిపోయినట్టే.

మయామీ, టాంపా లాంటి ఫ్లోరిడా రేవుల నుంచి వచ్చేవాళ్ళకు లెక్క తిరగబడుతుంది. చలికాలంలో తేడా ఉండదు. వేసవిలో కోజుమెల్ ఒక గంట వెనుకుంటుంది. ఇది అన్నిటికన్నా ప్రమాదకరమైన పరిస్థితి. మీ ఫోను తనంతట తాను స్థానిక టైముకు మారి మూడున్నర చూపిస్తుంటుంది, ఓడలో అప్పటికే నాలుగున్నర అయి తలుపులు మూస్తుంటారు.

కొన్ని ఓడలు రేవు టైముకు గడియారం మారుస్తాయి, కొన్ని మార్చవు. ముందురోజు రాత్రి ఓడ యాప్‌లోనో, గదికి వచ్చే కాగితంలోనో చూసి, సందేహం ఉంటే కౌంటర్‌లో అడగండి. తరువాత ఫోన్‌లో ఆటోమేటిక్ టైమ్ ఆపేయండి. చేతి గడియారాన్ని ఓడ టైముకు పెట్టి ఇక ముట్టుకోవద్దు. డైవ్ కంప్యూటర్‌లో గంట ఏం చూపిస్తోందో కూడా ఒకసారి చూసుకోండి, బోటులో చాలామంది కళ్ళు దాని మీదికే పోతాయి.

ఇప్పుడు వెనక నుంచి ముందుకు లెక్కేయండి. ఓడ అయిదుకు కదులుతుందనుకుందాం. ఎక్కాల్సిన చివరి టైము సాధారణంగా అరగంట ముందు, అంటే నాలుగున్నర. మీరు గట్టు మీద ఉండాల్సింది మూడింటికి. అంటే గంటన్నర మిగులు, దీన్ని దేనికీ ఖర్చు పెట్టకూడదు. షాపు నుంచి గట్టుకు టాక్సీ, ట్రాఫిక్ కలిపి అరగంట. అంటే బోటు రెండున్నరకు ఒడ్డు చేరాలి. రెండు ట్యాంకుల ట్రిప్‌కు నాలుగు నుంచి అయిదు గంటలు. పలంకార్ దాకా వెళితే బోటు ప్రయాణమే ఒక్కో వైపు ముప్పావుగంట దాకా పడుతుంది. అంటే తొమ్మిదిన్నరకల్లా బయలుదేరాలి. ఓడ ఎనిమిదికి చేరితే దిగనివ్వడానికి అరగంట, నడకకు పావుగంట. సరిపోతుంది. ఓడ పదికి చేరేట్టయితే రెండో డైవ్ మానుకోండి, షాపుకు ఆ మాట ముందే చెప్పండి.

5. వెంట తీసుకెళ్ళాల్సినవి

సొంత మాస్కు, డైవ్ కంప్యూటర్, నీటి పైకి వచ్చేముందు గాలి నింపి పైకి వదిలే ఎస్ఎంబీ గొట్టం. ఈ మూడూ ఉంటే మిగిలినవి అద్దెకు తీసుకోవచ్చు. నీళ్ళు వెచ్చగానే ఉంటాయి, సుమారు 26 నుంచి 29 డిగ్రీలు. మూడు మిల్లీమీటర్ల వెట్‌సూట్ చాలు. కత్తి తేవద్దు. ఓడ ఎక్కేటప్పుడే తీసేసుకుంటారు, పైగా ఈ పార్కులో కత్తులు, చేతి తొడుగులు నిషేధం. సన్‌స్క్రీన్ రాసుకుని నీళ్ళలో దిగడం కూడా వద్దంటారు కాబట్టి పొడుగు చేతుల ఈత చొక్కా, అంటే రాష్‌గార్డ్, వేసుకోండి.

ఓడ కార్డు, ఫోటో ఐడీ నీళ్ళు దూరని పౌచ్‌లో పెట్టండి. ఇవి లేకుండా తిరిగి గట్టు మీదికి రానివ్వరు. పాస్‌పోర్టు విషయంలో అభిప్రాయాలు రకరకాలు. వీసా స్టాంపు ఉన్న భారత పాస్‌పోర్టును ఊగే బోటులో తడి సంచిలో పెట్టడం నాకు ఇష్టం లేదు. గదిలోని లాకర్‌లో ఉంచి, ఫోటోకాపీ వెంట తీసుకెళ్ళండి. ఓడలో ఉండిపోయే కుటుంబసభ్యులకు లాకర్ కోడ్, షాపు పేరు, ఫోన్ నంబరు, మీరు తిరిగి వచ్చే టైము రాసి ఇవ్వండి. ఓడ ఇచ్చే రోజువారీ కాగితంలో రేవు ఏజెంట్ (ఆ రేవులో ఓడ తరఫు మనిషి) పేరు, నంబరు ఉంటాయి, దాన్ని ఫోటో తీసుకోండి.

తిండి సంగతి కూడా చెప్పాలి. బోటులో ఇచ్చే సాండ్‌విచ్‌లో ఏముంటుందో తెలియదు, శాకాహారులు ప్యాకెట్ బిస్కెట్లో, గ్రనోలా బార్లో తీసుకెళ్ళడం మేలు. బఫే నుంచి అరటిపండ్లు, ఇంట్లో చేసిన పులిహోర లాంటివి మాత్రం ఒడ్డుకు దించనివ్వరు, సీల్ తీయని ప్యాకెట్లకే అనుమతి.

6. ముందురోజు రాత్రి, ఆ రోజు పొద్దున

డ్రింక్ ప్యాకేజీ కొన్నాం కదా అని ముందురోజు రాత్రి దాని అంతు చూడకండి. ఒంట్లో నీరు తగ్గితే డీకంప్రెషన్ సిక్‌నెస్, అంటే లోతు నుంచి పైకి వచ్చాక ఒంట్లో గాలి బుడగలు ఏర్పడే జబ్బు, ముప్పు పెరుగుతుంది. మంచినీళ్ళు బాగా తాగండి. కడుపు తిప్పే అలవాటుంటే మందు ముందే వేసుకోండి, కానీ ఆ మందు మీకు మగత తెస్తుందో లేదో ఇంట్లో ఉండగానే ఒకసారి వేసుకుని చూడాలి.

ఈతదుస్తులు గదిలోనే వేసుకోండి. దిగే తలుపు ఏ అంతస్తులోనో ముందురోజే కనుక్కుని, ప్రకటన వినగానే కదలండి. పెద్ద ఓడల్లో పావుగంట ఆలస్యమైతే వెయ్యిమంది వెనకాల నిలబడాల్సి వస్తుంది. గట్టు మీద "డైవింగ్, డైవింగ్" అని పిలిచేవాళ్ళతో మాటలు పెట్టుకోవద్దు.

7. నీళ్ళలో

కోజుమెల్‌లో చేసేది డ్రిఫ్ట్ డైవింగ్. కరెంటు ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి పోతుంది. గోదాట్లో పడవను ప్రవాహానికి వదిలినట్టు మీరూ వదిలేయడమే, ఎదురీదితే ట్యాంకులో గాలి ఖర్చు తప్ప ఒరిగేదేమీ లేదు. బోటు లంగరు వేయదు, మీ బుడగలను చూస్తూ పైన వస్తుంది. కాబట్టి దూకగానే గుంపుతో కలిసి కిందికి దిగాలి. పైనే ఉండి మాస్కు సర్దుకుంటూ కూర్చుంటే గుంపు ఒకచోట, మీరొకచోట.

సైట్ ఎంపికలో ఆశ పడకండి. మొదటి డైవ్‌కు పలంకార్ గార్డెన్స్, రెండోదానికి పరాయిసో, యూకాబ్ లాంటి తక్కువ లోతు దిబ్బ దొరికితే ఆ రోజుకు చాలు. నిట్టనిలువుగా లోతుకు దిగే సాంటా రోసా గోడ అందంగా ఉంటుంది, సముద్రం అడుగు కనిపించదు. నీళ్ళు అంత తేటగా ఉండటంతో ఎంత లోతుకు జారిపోయారో కంటికి తెలియదు. ఓపెన్ వాటర్ కార్డు ఉన్నవాళ్ళకు పరిమితి 18 మీటర్లు, కంప్యూటర్ చూస్తూ ఉండండి. పుంటా సుర్ దగ్గర డెవిల్స్ త్రోట్ అనే సొరంగం ఉంది, దాని అవతలి ద్వారం దాదాపు 40 మీటర్ల లోతున తెరుచుకుంటుంది. ఎంత అనుభవం ఉన్నా ఓడ దిగి వచ్చిన రోజున దాన్ని పెట్టుకోవద్దు.

గైడ్ రాతి అంచుల కింద టార్చి వేసి చూపిస్తే వంగి చూడండి. చారల మొహం, పసుపు అంచుల రెక్కలు ఉన్న స్ప్లెండిడ్ టోడ్‌ఫిష్ అక్కడే దాక్కుంటుంది. ప్రపంచంలో ఇది కనిపించే చోట్లు బహు తక్కువ, ఈ దీవి దానికి పుట్టిల్లు. పగడాలను మాత్రం ముట్టుకోకండి. వాటికి సోకిన తెగులు వల్ల, జనం తాకిడి వల్ల 2019 చివర్లో కొన్ని సైట్లను కొంతకాలం మూసేయాల్సి వచ్చింది.

ట్యాంకులో గాలి ఒత్తిడి 70 బార్‌కు రాగానే గైడ్‌కు చెప్పండి. మీ గాలి అందరికన్నా ముందు అయిపోతే సిగ్గు పడాల్సిన పని లేదు. గైడ్ ఎస్ఎంబీ వదిలి మిమ్మల్ని జంటగా పైకి పంపుతాడు, బోటు వచ్చి ఎక్కించుకుంటుంది. అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగడం మరవకండి. ఎంత ఆలస్యమైనా ఆ మూడు నిమిషాల్లో కోత పెట్టకూడదు. టైము మిగుల్చుకోవాలంటే రెండో డైవ్ వదిలేయండి.

8. తిరిగి వచ్చాక

బోటు దిగగానే నేరుగా గట్టుకు వెళ్ళండి. ఊళ్ళో టాకోలు తినాలనుంటే గట్టు దగ్గరే తినండి. ఓడ ఎక్కాక జిమ్, వేడినీళ్ళ టబ్ ఆ సాయంత్రానికి మానండి.

కీళ్ళ నొప్పి, తిమ్మిరి, ఒంటి మీద మచ్చలు, మామూలుగా లేని నీరసం అనిపిస్తే ఓడ కదలకముందే చెప్పండి. కోజుమెల్‌లో రీకంప్రెషన్ ఛాంబర్లు ఉన్నాయి. ఓడ కదిలాక అలాంటి చోటికి చేరడానికి ఒక రోజు పట్టవచ్చు. "సరిపోతుందిలే, పడుకుంటే తగ్గుతుంది" అని గదిలో ముసుగుతన్నడం అన్నిటికన్నా పెద్ద తప్పు. ఓడ కదిలాక లక్షణాలు మొదలైతే వెంటనే ఓడ డాక్టరు దగ్గరికి వెళ్ళి ఆక్సిజన్ పెట్టించుకోవాలి. డాన్ అత్యవసర నంబరు +1-919-684-9111, ఏ వేళైనా పలుకుతారు.

ఓడ తప్పిపోతే మొదట రేవు ఏజెంట్‌కు ఫోన్ చేయండి. చాలా ఓడల్లో సిబ్బంది లాకర్ తెరిచి, పాస్‌పోర్టును ఏజెంట్ చేతికి ఇచ్చి వెళతారు. కోజుమెల్‌లోనే విమానాశ్రయం ఉంది. టికెట్ దొరక్కపోతే ఫెర్రీలో ప్లాయా డెల్ కార్మెన్‌కు, అక్కడి నుంచి రోడ్డు మీద కాన్‌కున్ విమానాశ్రయానికి వెళ్ళవచ్చు. అయితే ఆ సాయంత్రమే విమానం ఎక్కకూడదు. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, రెండు డైవ్‌లు చేస్తే కనీసం 18 గంటలు ఆగాలన్నది డాన్ సలహా. కాబట్టి సాన్ మిగెల్‌లో ఒక గది తీసుకుని, మరుసటిరోజు మధ్యాహ్నం తరువాతి టికెట్ చూసుకోండి.